రైలు ఆగితే ఇంజిన్ని తిట్టకండి

పాత లైన్ల మీద రైలెక్కితే చక్రాల కింద టకటక వినిపించేది, గుర్తుందా? రెండు పట్టాలు కలిసే చోట ఉండే చిన్న సందు చేసే చప్పుడది. ఇప్పుడు పట్టాల్ని పొడవుగా వెల్డింగ్ చేసేస్తున్నారు కాబట్టి ఆ పాట తగ్గిపోయింది. కానీ పెరట్లో బొమ్మ రైళ్లు నడిపేవాళ్లకి ఆ అతుకే ఇప్పటికీ తలనొప్పి.

బొమ్మ రైలంటే టేబుల్ మీద గిరగిరా తిరిగేదే అనుకోకండి. 1968లో జర్మనీకి చెందిన లేమన్ కంపెనీ 'ఎల్‌జీబీ' పేరుతో పెద్ద సైజు రైలు తెచ్చింది. పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. వానొచ్చినా మంచు పడినా పట్టాలు తోటలోనే ఉంటాయి. అందుకే వాటిని ఇత్తడితో చేస్తారు. మామూలు ముక్క పొడవు 30 సెంటీమీటర్లే. అంటే పది మీటర్ల దారికి ముప్పై పైచిలుకు ముక్కలు!

ముక్కల్ని కలిపేది జాయినర్ అనే చిన్న ఇత్తడి తొడుగు. నిజం రైలుకి ఫిష్‌ప్లేటు ఎలాగో దీనికి ఇది అలాగ. కాకపోతే దీని నెత్తిన ఇంకో పని కూడా ఉంది. రైలుకి కరెంటు అందేది పట్టాల్లోంచే కదా, అది ముక్క నుంచి ముక్కకి దాటాల్సింది ఈ తొడుగులోంచే. మొదటి వేసవి హాయిగా గడిచిపోతుంది. తర్వాత తేమకి లోపల ఇత్తడి నల్లబడుతుంది, మట్టి చేరుతుంది. కరెంటు పెట్టిన చోట దూసుకెళ్లిన రైలు తోట అవతలి మూలకి వెళ్లేసరికి నీరసపడుతుంది, హెడ్‌లైటు మసకబారుతుంది. చాలామంది వెంటనే ఇంజిన్ విప్పేస్తారు. పాపం, దానిదేం తప్పు?

మల్టీమీటర్ ఉంటే దొంగ దొరికిపోతాడు. రైలు నడుస్తుండగా అతుక్కి రెండు పక్కలా, ఒకే పట్టా మీద ముళ్లు పెట్టి చూడండి. మంచి అతుకైతే దాదాపు సున్నా. అర వోల్టు, వోల్టు చూపించిందా, అదే!

మరి అన్నీ టంకం పెట్టేస్తే పోలా? పోదు. ఇత్తడి ఎండకి సాగుతుంది. 40 డిగ్రీల తేడాకి పది మీటర్ల పట్టా 7 మిల్లీమీటర్ల పైనే పెరుగుతుంది. సాగడానికి చోటు లేకపోతే వంపు తిరిగి కూర్చుంటుంది. పైగా అంత లావు పట్టా వేడిని లాగేసుకుంటుంది, చిన్న సోల్డరింగ్ ఐరన్ దానికి ఆనదు. ఎక్కువసేపు వేడి పెడితే కింద ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి.

కొందరు తొడుగులో గ్రాఫైట్ పేస్ట్ రాస్తారు. చవక, కానీ మళ్లీ మళ్లీ రాస్తుండాలి. కొందరు అతుకు మీదుగా వదులుగా చిన్న వైరు ముక్క వేసి, దాని రెండు కొసలకే టంకం పెడతారు. పట్టా తన మానాన తాను సాగుతుంది, కరెంటు వైర్లోంచి పోతుంది. నా ఓటు మాత్రం స్క్రూ క్లాంపులకే. అలెన్ కీతో బిగిస్తే పట్టాని గట్టిగా పట్టుకుంటాయి. మధ్యలో ఒక్క ముక్క పాడైతే అటూ ఇటూ లైనంతా కదపకుండా దాన్నొక్కదాన్నే తీయొచ్చు. ధరే కాస్త గుచ్చుకుంటుంది. అందుకే ముందు రైలు దారి మారే పాయింట్ల దగ్గర వేసుకోండి, ఎక్కువసార్లు విప్పేది అక్కడే. అన్నిటికీ క్లాంపులే వేస్తే మాత్రం, పొడవాటి దారిలో అక్కడక్కడా ఒక జారే అతుకు వదిలి దానికి వైరు వేయండి. ఎండకి చోటు కావాలిగా!

ఇవేవీ వద్దనుకునేవాళ్లు ఇంజిన్లో బ్యాటరీ, రిమోట్ పెట్టేసుకుంటున్నారు. అప్పుడు అతుకు పట్టాల్ని వరసలో నిలబెడితే చాలు, నల్లబడితే బడనీ.