హాలు గోడకి ప్యారిస్ బొమ్మలెందుకు, ట్రంకులో మన కార్డులుండగా?

ఈమధ్య ఏ ఇంటి గృహప్రవేశానికి వెళ్ళినా హాల్లో ఒక గోడ తప్పకుండా కనిపిస్తోంది. పాత పోస్టుకార్డుల్లా కనిపించేవి ఓ పదిహేను, చిన్న చిన్న ఫ్రేముల్లో. ఈఫిల్ టవరు, లండన్ వంతెన, పడవలు తిరిగే వెనిస్. అన్నిటికీ టీ నీళ్ళలో ముంచి ఆరేసినట్టు ఒకటే రంగు. అవి పాతవేం కావు. పాతగా కనపడేట్టు మొన్న అచ్చేసినవి, సెట్టు సెట్టుగా అమ్ముతారు. చూడ్డానికి బాగానే ఉంటాయి, ఆ మాట కాదనం. మా ఇంటి పై అంతస్తు గోడకి కూడా అలాంటిదొకటి తెప్పిద్దామన్న మాట వచ్చింది. వచ్చాక ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. బరంపురంలో నాలుగు తరాలుగా ఉంటున్నాం, ట్రంకు నిండా నిజం కార్డులున్నాయి, మనవాళ్ళెవరూ చూడని ఊళ్ళు గోడకెందుకు అన్నది మాలో ఎక్కువమంది మాట. ఇప్పుడు రాస్తున్నదీ అదే మాట.

అసలు గోడకి కార్డులు వేలాడదీయడం మనకి కొత్తేం కాదు కదా. వంకీ తిరిగిన ఇనుప తీగ, కింద ఒక చెక్కబిళ్ళ. పోస్టుమేన్ ఇచ్చిన కార్డు చదవడం, తీగకి గుచ్చడం. అందుకే మా కార్డుల్లో చాలావాటికి సరిగ్గా నడుమ చిల్లు ఉంటుంది. ఒక్కోసారి ఆ చిల్లు ఎవరి పేరు మీదో పడి, ఆ పేరేమిటో ఊహించుకోవాల్సి వస్తుంది. ఫ్రేము కట్టే షాపాయన ఆ చిల్లు కంప్యూటర్లో పూడ్చి ఇస్తానన్నాడు. వద్దన్నాం. ఆ చిల్లు మా ఇంటి గుర్తు, దాన్ని పూడ్చేస్తే ఆ కార్డు ఎవరిదైనా కావచ్చు.

మా కార్డుల్లో బొమ్మలున్నవి మూడే. ఒకటి మద్రాసులో హిగిన్‌బాథమ్స్ వాళ్ళు అచ్చేసిన వీధి దృశ్యం, రెండు రవివర్మ దేవతల బొమ్మలు. మిగతావన్నీ మామూలు సర్కారు కార్డులే, పెద్దవాళ్ళు ‘కార్డు ముక్క’ అనేవి. మన దేశంలో ఈ కార్డు మొదలయింది 1879 జూలై 1న, ధర పావు అణా. ఒకవైపు చిరునామా, ఇంకోవైపు గోరంత అక్షరాలతో ఊరంత సంగతి. పైన ‘శ్రీరామ’, తర్వాత ‘ఉభయకుశలోపరి’, ఆ తర్వాత అసలు విషయం. చోటు చాలకపోతే అంచుల చుట్టూ తిరిగి, ఆఖరికి చిరునామా పక్కన దూరేవారు. మా అభిప్రాయం ఏమిటంటే గోడ మీద పెట్టాల్సింది ఈ రాత వైపే. బొమ్మ వైపు ఎవరింట్లో పెట్టినా ఒకటే. రాత వైపు మాత్రం ఒక్క ఇంట్లోనే ఉంటుంది.

ఇక ఖర్చు సంగతి. షాపులో ఒక్కో కార్డుకి విడిగా ఫ్రేము కట్టడానికి 350 రూపాయలు చెప్పారు. మేం ఎంచుకున్నవి 24. అంటే 8,400. అంత అక్కర్లేదు. కార్డు కొలత 14 సెంటీమీటర్లు అడ్డం, 9 నిలువు. ఏ4 కాగితం అడ్డంగా పెడితే ఒక్కో దానిలో సరిగ్గా నాలుగు పడతాయి. 24 కార్డులకి ఆరు కాగితాలు. అటక మీద పాత దేవుడి పటాల చట్రాలు, బొమ్మలు చెదలు తినేసినవి ఆరు దొరికాయి. రెండిటికి అద్దం లేదు, కోయించాం. మందం కాగితం మీద కలర్ జిరాక్సులు, అద్దాలు, వెనక కొత్త అట్టలు, మేకులు, అన్నీ కలిపి 900 దాటలేదు. టేకు చట్రాలు కనక షాపులో చూపించిన ప్లాస్టిక్ వాటికన్నా వెయ్యి రెట్లు నయం.

గమనించారా, జిరాక్సులు అన్నాం. అసలు కార్డుని గోడకెక్కించవద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాం. కలం సిరా ఎండకి, ట్యూబులైటు వెలుగుకి పాలిపోతుంది. మా ఊరు సముద్రానికి దగ్గర, వానాకాలం గోడలు చెమరుస్తాయి. లామినేషన్ చేయించడం ఇంకా దారుణం, కార్డు మళ్ళీ బయటికి రాదు. సెల్లోటేపు అంటించిన చోట నాలుగేళ్ళలో పసుపు పచ్చ మరక తేలుతుంది. ముందు స్కానింగ్, 600 డి.పి.ఐ. తగ్గకుండా, రెండు వైపులా. తర్వాత అసళ్ళు మళ్ళీ పెట్టెలోకి, కార్డుకీ కార్డుకీ మధ్య తెల్ల కాగితం పెట్టి. నకళ్ళయినా వాన కొట్టే బయటి గోడకి వద్దు. చట్రం వెనక నాలుగు మూలలా రబ్బరు ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది.

ఏ కార్డు ఏ కాలానిదో తేల్చడం ఒక ముచ్చట. పోస్టు ముద్ర సగం చెరిగిపోయి ఉంటుంది. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది, దశాంశ నాణేలు వచ్చింది అప్పుడే. చిరునామాలో పిన్ కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. పులి బొమ్మ ఉన్న 15 పైసల కార్డయితే మాలో పెద్దవాళ్ళు స్వయంగా కొన్నదే. మా పెద్దలు తారీకు వెయ్యరు, ‘వికృతి సం. శ్రావణ శుద్ధం’ అని తెలుగు సంవత్సరం వేస్తారు. అది అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది కనక వికృతి అంటే 1890-91 కావచ్చు, 1950-51 కావచ్చు. స్టాంపు మీద విక్టోరియా రాణి ఉందో లేదో చూస్తే తగువు తీరిపోతుంది. ఇంకోటుంది. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో కలిసింది. అంతకుముందు మాది మద్రాసు రాజధానే. మా ముత్తాతగారు ఇల్లు మారలేదు, వీధి మారలేదు, రాష్ట్రం మారింది. అయినా ఆ తర్వాత చాన్నాళ్ళదాకా విజయనగరం వైపు నించి వచ్చిన కార్డుల మీద చిరునామా తెలుగులోనే ఉంది, అవి చక్కగా చేరాయి కూడా. అంటే ఇక్కడి పోస్టాఫీసులో తెలుగు చదివేవాళ్ళు ఉండేవారన్న మాట. ఈ ఒక్క సంగతి కోసమైనా చిరునామా వైపు నకలు ఒకటి రెండు పెట్టాలని మా పట్టు.

ఇప్పుడు అసలు తగువు. పెట్టెలో ఉన్నవి ముద్దుముచ్చట్లు మాత్రమే కావు. అప్పు తీర్చమని మూడోసారి అడిగిన కార్డుంది. అత్తవారింట్లో అన్నం సరిగ్గా పెట్టడంలేదని ఒక ఆడపడుచు పుట్టింటికి రాసుకున్న కార్డుంది. అవి హాల్లో పెట్టాలా? కార్డంటేనే బాహాటం, పోస్టుమేన్ చదివే ఇచ్చాడు, ఇందులో రహస్యం ఏముంది అని మాలో కొందరన్నారు. మేం ఒప్పుకోలేదు. పోస్టుమేన్ చదవడం వేరు, సోఫాలో కూర్చుని కాఫీ తాగే చుట్టం చదవడం వేరు. ఆమెకి కవరు కొనడానికి డబ్బుల్లేక కార్డు మీద రాసింది, ఊరందరూ చూడాలని కాదు. ఆ కార్డు గోడకి రాదు. పారెయ్యడమూ లేదు, పెట్టెలో ఉంటుంది. ఇంటి ఆడపిల్లలకి పెళ్ళీడు వచ్చినప్పుడు చేతికిచ్చి చదివించాల్సిన కార్డు అది.

చావు కబుర్లు ఒక్కటీ లేవు, అది కూడా గుర్తుంచుకోవాలి. అశుభం కార్డు చదివిన వెంటనే చింపి పారెయ్యాలి, గడప లోపల ఉంచకూడదని పట్టింపు. నాలుగు మూలలా పసుపు పూసిన పెళ్ళి కబుర్లు మాత్రం దండిగా మిగిలాయి. గోడ చూసినవాళ్ళు ఈ ఇంట్లో అన్నీ శుభాలే అనుకుంటారు. అనుకోనివ్వండి, కానీ పిల్లలకి మాత్రం సంగతి చెప్పి ఉంచాలి.

మమ్మల్ని నిజంగా తొందరపెడుతున్నది వేరే ఉంది. ఈ గొలుసుకట్టు రాత గడగడా చదవగలిగినవారు ఇప్పుడు ఇంట్లో ఒక్కరే, మా పెద్దత్తయ్య. ఆవిడకి ఎనభై నాలుగు. కళ్ళకి శుక్లాలు తీశారు, సాయంత్రమైతే అక్షరం ఆనదు. మా తరం కూడబలుక్కుని చదువుతాం. పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ చదువుకున్నారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. వాళ్ళకి ఆ కార్డు, ఈఫిల్ టవరు రెండూ ఒకటే, రెండూ బొమ్మలే. అందుకని గోడ పని మొదలెట్టేముందు పొద్దుటిపూట గంటసేపు అత్తయ్య చదవడం, మేం రాసుకోవడం పెట్టుకున్నాం. చదువుతూ మధ్యలో ఆగి, “వీడు రాసిందంతా అబద్ధం, ఆ ఏడు పంట బాగానే పండింది” అంటుంది ఆవిడ. అది కూడా రాసుకుంటున్నాం. ఏ షాపులో కొన్న సెట్టుకీ ఈ వ్యాఖ్యానం రాదు.

పిల్లల చేత చేయించిన పని ఒకటి చెప్తాం, మీకు నచ్చితే చెయ్యండి. పోస్టాఫీసులో కార్డు చాలా ఏళ్ళుగా 50 పైసలే. పాతిక కార్డులు తెచ్చాం, పన్నెండున్నర రూపాయలు. ఒక్కో పిల్లకీ ఒక్కో పాత కార్డు నకలిచ్చి, మేం విడదీసి రాసిన అక్షరాలు పక్కన పెట్టి, కొత్త కార్డు మీద చూసి రాయమన్నాం. మొదటి రోజు అక్షరాలు కాకి కాళ్ళలా వచ్చాయి. ఒకమ్మాయికి ‘ఉభయకుశలోపరి’ అన్న మాట తెగ నచ్చేసి ఇప్పుడు ఫోనులో మెసేజీకి కూడా ముందు అదే పెడుతోంది. ఆ కొత్త కార్డులు కూడా పాతవాటి పక్కనే వెళ్తాయి. అందం చెడుతుందని ఒక అభ్యంతరం వచ్చింది. చెడితే చెడనీ, ఇల్లు కదా, హోటలు కాదు.

గోడ మీద ఇంకా రెండు పటాలకి చోటుంది. గుణుపురం, పర్లాకిమిడి, విజయనగరం వైపు మన చుట్టాలెవరి దగ్గరైనా బరంపురం నించి వెళ్ళిన కార్డులుంటే చూడండి. మా పెట్టెలో ఉన్నవన్నీ మాకు వచ్చినవే. మావాళ్ళు ఏం జవాబు రాశారో మాకు తెలియదు, అది మీ అటకల మీదే ఉండాలి. రెండు వైపులా ఫోటో తీసి పంపితే చాలు. కార్డు మీ దగ్గరే ఉంచుకోండి.