వీరనారి బిరుదు వద్దు, లెక్క చెప్పండి

‘వీరనారి’ అన్న మాట ఇప్పుడు రెండు చోట్ల వినపడుతోంది. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంట తను ఇంటికి తెచ్చుకున్న చాకలి ఐలమ్మ వీరనారి. సరిహద్దులో భర్త చనిపోతే, సైన్యం కాగితాల్లో ఆ భార్య ‘వీర్ నారీ’. ఒకామె స్వయంగా పోరాడింది. ఇంకొకామె భర్త పోరులో పోయాడు. రెండూ ఒకటి కావు. అయినా ఇద్దరికీ ఒకే బిరుదు. ఎందుకంటే బిరుదు చౌక. దానికి బడ్జెట్ అక్కర్లేదు, పూలదండ చాలు.

ఈ బిరుదు కూడా దక్కని స్త్రీలు ఇంకా రెండు రకాలున్నారు. భర్త యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చాక, ఆ యుద్ధాన్ని ఇంట్లో మోస్తున్న ఆమె ఒకరు. తన ఊరి మీదుగా, తన ఒంటి మీదుగా సైన్యాలు నడిచిపోయిన ఆమె మరొకరు. యుద్ధం అయిపోయాక ఎవరు అందులో పాల్గొన్నారో తేల్చేది కాగితం. ఆ కాగితం దాదాపు ఎప్పుడూ మగవాడి పేరు మీదే ఉంటుంది. నా తగాదా ఆ కాగితంతోనే.

వికారాబాద్‌లో ఉంటూ తాండూరులో పాఠాలు చెప్పుకునే నాకు యుద్ధం గురించి రాయాల్సిన అవసరం ఏమిటని కొందరు మిత్రులు అడిగారు. మాది సముద్రం కనిపించని జిల్లా. కానీ 2024 అక్టోబరు 15న పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళం రాడార్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. రక్షణమంత్రి, ముఖ్యమంత్రి ఇద్దరూ వచ్చారు. సముద్రం అడుగున తిరిగే జలాంతర్గాములకు సంకేతాలు పంపడానికి దాదాపు 2,900 ఎకరాల అడవి తీసుకున్నారు. అడవి పోతే మేకలు ఎక్కడ మేపాలి, కట్టెలు ఎక్కడ తెచ్చుకోవాలి అన్న ప్రశ్నలకు ఒకటే జవాబు: దేశరక్షణ. ఆ మాట అన్నాక ఇంకెవరూ ఏమీ అడగకూడదు. యుద్ధం ఖర్చు యుద్ధానికి చాలా ముందే మొదలవుతుంది. చాలా తర్వాత కూడా ముగియదు. మా ప్రాంతంలో 1948లో మొదలైన ఖర్చే ఇంకా తీరలేదు.

ఏటా సెప్టెంబరు 17 వస్తుంది. కేంద్రం విమోచన దినం అంటుంది. రాష్ట్ర ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినం అంది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం 2024లో ప్రజాపాలన దినం అంది. కమ్యూనిస్టులు విలీనం అంటారు. పేరు కోసం ఇంత కొట్లాట. మా దగ్గర జరిగే సభల్లో కూడా నల్గొండ, వరంగల్ వీరుల పేర్లు చదువుతారు, చదవాల్సిందే. కానీ మా తాండూరు గురించి ఒక్క మాట రాదు. ఎందుకు రాదో చెప్తాను.

1948 నాటికి తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. రజాకార్ల దాడులు ఎంత నిజమో, ఆ తర్వాత జరిగింది కూడా అంతే నిజం. ‘పోలీసు చర్య’ తర్వాత పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో సంస్థానం తిరిగి నివేదిక ఇచ్చారు. తక్కువలో తక్కువ లెక్క వేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారన్నారు. ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాల్లో గుల్బర్గా ఒకటి. స్త్రీల మీద అత్యాచారాలు, అపహరణలు జరిగాయని కూడా రాశారు. ఆ నివేదికను దశాబ్దాల పాటు తొక్కిపెట్టారు. 2013లో గానీ చదువరులకు పూర్తిగా అందలేదు. సైన్యం పంపి చేసిన పనికి ‘పోలీసు చర్య’ అని పేరు పెట్టారు. యుద్ధం అంటే లెక్క చెప్పాలి. చర్య అంటే చెప్పక్కర్లేదు.

మా కాలేజీకి దగ్గర్లో ఎనభై అయిదు దాటిన ఒక ఖాలా ఉంది. ఆమె తండ్రి నిజాం సైన్యంలో సిపాయి. ఆ సెప్టెంబరులో ఇంటికొచ్చాడు, మళ్ళీ ఉద్యోగానికి పోలేదు. నిజాం సైన్యంలో, పోలీసుల్లో పనిచేసిన వేలమంది ముస్లింలకు అప్పుడు ఉద్యోగాలు పోయాయి. “అబ్బా వర్దీని అమ్మీ సందూకుల దాచింది బేటీ. ఎవరన్న చూస్తే తీస్కపోతరని ఒక రాత్రి పొయ్యిల పెట్టింది. గుండీలు కాలలే. తీస్కపోయి బావిల పడేసింది” అని చెప్పింది ఖాలా. తండ్రి తర్వాత ఇల్లు కదల్లేదట, ఎవరితో మాట్లాడలేదట. తల్లి పది ఇళ్ళకు బట్టలు కుట్టి ఆరుగురిని సాకింది. ఓడిపోయిన సైన్యంలో పనిచేసినవాడు కాబట్టి అతను ఎవరికీ వీరుడు కాదు. అతని భార్యను ఎవరూ ఏమీ అనలేదు. ఇద్దరి కథకూ సాక్ష్యం కాగలిగిన ఒకే ఒక్క వస్తువును ఆమె చేతులతో ఆమే కాల్చుకోవాల్సి వచ్చింది. కాగితం లేని యుద్ధమంటే ఇదే.

ఇక గెలిచిన పక్షం సంగతి చూద్దాం. స్వాతంత్ర్య సమరయోధుల పింఛను 1972లో మొదలైంది. 1980లో దాన్ని విస్తరించి స్వతంత్రతా సైనిక్ సమ్మాన్ పింఛను అన్నారు. హైదరాబాద్ సంస్థాన పోరాటంలో పాల్గొన్నవాళ్ళకు కూడా అది తర్వాత వర్తించింది. దాని అర్హతల జాబితా మనం ఒకసారి శ్రద్ధగా చదవాలి. ఆరు నెలల జైలు. ఆరు నెలలు దాటిన అజ్ఞాతవాసం, అది కూడా తల మీద వెల ప్రకటించి ఉండాలి, లేదా పరారీలో ఉన్నట్టు ప్రభుత్వం ప్రకటించి ఉండాలి, లేదా నిర్బంధ ఉత్తర్వు జారీ అయి ఉండాలి. ఆస్తి జప్తు. ఉద్యోగం పోవడం. కాల్పుల్లో, లాఠీచార్జిలో శాశ్వత వైకల్యం. పది కొరడా దెబ్బలు.

పది కొరడా దెబ్బలకు లెక్క ఉంది. అత్యాచారానికి లేదు. మగవాడి వీపు మీద పడ్డ దెబ్బ దేశం కోసం తిన్న దెబ్బ. ఆడదాని మీద సాగిన హింస మాత్రం ఆమె సొంత దురదృష్టం. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో తెలంగాణ పోరాటం మీద వెలువరించిన పుస్తకంలో ఊళ్ళ పేర్లతో సహా ఈ అత్యాచారాలను నమోదు చేశాడు. అంటే తెలియక వదిలేశారని అనడానికి వీల్లేదు. స్త్రీలకు, దళితులకు, ఆదివాసులకు ఆరు నెలల జైలు బదులు మూడు నెలలు చాలన్నారు. రాయితీ ఇచ్చింది రోజుల్లో. నిర్వచనంలో కాదు.

దళానికి వండిపెట్టినవాళ్ళకు, కట్టెల మోపులో ఉత్తరాలు, తుపాకులు దాచి తెచ్చినవాళ్ళకు, పసిబిడ్డను ఎవరి చేతుల్లోనో పెట్టి అడవి దారి పట్టినవాళ్ళకు ఏ జైలరు సర్టిఫికెట్ ఇస్తాడు? మల్లు స్వరాజ్యం తలకు పదివేల రూపాయల వెల కట్టారు. పథకం దృష్టిలో అలాంటి వెలే సాక్ష్యం. ఆమెకు అన్నం పెట్టి, పోలీసులొస్తే నోరు విప్పని ఇల్లాలి తలకు ఎవరూ వెల కట్టలేదు. శత్రువు గుర్తిస్తేనే మన ప్రభుత్వం కూడా గుర్తిస్తుందన్నమాట.

ప్రభుత్వాన్ని అని పార్టీని వదిలేస్తే న్యాయం కాదు. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక స్త్రీలతో చెప్పిన మాట ఇంటికి వెళ్ళమని. ఏ ఇంటికి? స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ నిండా ఈ ప్రశ్నే ఉంది. తుపాకి పట్టిన చేతికి మళ్ళీ చీపురిచ్చి, అదేమీ పెద్ద విషయం కాదన్నట్టు ముందుకు నడిచారు నాయకులు. కొండపల్లి కోటేశ్వరమ్మ ఉద్యమానికి అన్నీ ఇచ్చి, భర్త వదిలి వెళ్ళాక హాస్టల్లో ఉద్యోగం చేసుకుంటూ బతికింది. తన కథ ‘నిర్జన వారధి’గా రాసి అచ్చులో చూసుకునేటప్పటికి ఆమెకు తొంభై దాటాయి. మగ నాయకుల ఆత్మకథలు అంత ఆలస్యం కాలేదు.

ఇదంతా పాత చరిత్ర అనుకుంటే వికారాబాద్ నుంచి తాండూరు పోయే రైలెక్కండి. నాకు రైల్లో పరిచయమైన ఒకామె భర్త హవల్దారుగా రిటైరయ్యాడు. కాశ్మీరులో చాలాకాలం చేశాడు. ఇప్పుడు ఒక గేటు దగ్గర రోజుకు పన్నెండు గంటలు సెక్యూరిటీ గార్డు. “మనిషైతే వచ్చిండు మేడం. రాత్రయితే ఇంకా డ్యూటీలనే ఉంటడు” అందామె. తలుపు చప్పుడైతే లేచి కూచుంటాడు. ఒకసారి నిద్రలో ఆమె గొంతు పట్టుకున్నాడు. మేల్కొని ఏడ్చాడు. అప్పట్నుంచి పిల్లల్ని వేరే గదిలో పడుకోబెట్టి, ఆమె మాత్రం ఆయన పక్కనే పడుకుంటుంది. ఆ పనికి డ్యూటీ చార్టు లేదు, సెలవు లేదు, జీతం లేదు.

మన వీధులు ఆ మనిషిని ఎట్లా చూస్తున్నాయి? పంద్రాగస్టు నాడు శాలువా కప్పుతాయి. మిగతా రోజుల్లో క్యాంటీన్ నుంచి ఒక సీసా తెచ్చిపెట్టమంటాయి. గొంతు పెంచితే ‘మిలిటరీ కోపం’ అని నవ్వుతాయి. భార్య ఒంటి మీద దెబ్బ కనిపిస్తే, పోనీలే, పింఛను వస్తోంది కదా అంటాయి. సైనికుడి రోగాన్ని రోగం అనరు, ఆమె మీద పడే హింసను హింస అనరు. రెండింటినీ కలిపి దేశభక్తి ఖాతాలో వేస్తారు.

ఆమెకు ఇంకో కష్టం కాగితాల్లో ఉంది. పెళ్ళి, పిల్లల వివరాలు యూనిట్ రికార్డుల్లో ఎక్కించేదాన్ని పార్ట్ టూ ఆర్డరు అంటారు. అందులో ఆమె పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. రేపు ఆయనకు ఏమన్నా అయితే కుటుంబ పింఛను ఆగిపోతుందేమోనని ఆమె ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి ఆ కాపురం తనదేనని రుజువు చేసుకోవాలి.

చనిపోయినవాడి భార్య సంగతి మరీ ఘోరం. శౌర్య పతకం పొందిన సైనికుడి భార్యకు నెలనెలా వచ్చే భత్యం ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగిపోయేది. ఒక మినహాయింపు ఉండేది: చనిపోయిన భర్త తమ్ముణ్ణో అన్ననో చేసుకుంటే ఆగదు. 2017 నవంబరులో గానీ రక్షణశాఖ ఆ షరతు తీసెయ్యలేదు. గౌరవం ఆమెకు ఇచ్చారా, లేక ఆ ఇంటి సొత్తుగా ఆమెను అట్టిపెట్టుకున్నందుకు ఆ ఇంటికి ఇచ్చారా?

షరతు పోయిందని సంతోషించే లోపే ఇంకొక ఏర్పాటు వచ్చింది. 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించారు. సికింద్రాబాద్ స్టేషన్లో నిరసనకు దిగిన యువకుల మీద జూన్ 17న కాల్పులు జరిగి ఒకరు చనిపోయారు. పెళ్ళి కాని పిల్లల్నే తీసుకుంటారు. నాలుగేళ్ళు పని. అప్పుడు చెప్పిన లెక్క ప్రకారం నూటికి ఇరవై అయిదు మందిని మించి కొనసాగించరు. మిగతావాళ్ళకు ఒకసారి ఇచ్చే మొత్తమే, పింఛను లేదు, మాజీ సైనికుల హోదా లేదు. దీని మీద వచ్చిన వ్యాసాలన్నీ నిరుద్యోగం గురించే రాశాయి. నేను ఇంకొకటి చూస్తున్నాను. ఈ ఏర్పాటులో భార్యే లేదు. పార్ట్ టూ ఆర్డర్లో తప్పు పేరైనా ఉన్న ఆ హవల్దారు భార్య నయం. ఈ పిల్లలు చిన్న వయసులోనే తిరిగొస్తారు, తర్వాత పెళ్ళి చేసుకుంటారు. వాళ్ళు వెంట తెచ్చుకున్న రాత్రుళ్ళను కాచుకునే అమ్మాయిలకు సైన్యంతో ఏ సంబంధమూ ఉండదు. ఖర్చు మొత్తం పెళ్ళికూతురి మీదికి మళ్ళించారు.

ఇలా మాట్లాడటం సైనికుణ్ణి అవమానించడమే అనేవాళ్ళున్నారు. పన్నెండు గంటలు గేటు ముందు నిలబెట్టినవాళ్ళు, సీసా అడిగినవాళ్ళు చేసింది అవమానం. అతనికి వైద్యం కావాలనడం అవమానం ఎట్లా అవుతుంది?

యుద్ధమే పితృస్వామ్యం కదా, సైనికుడి ఇంటి గోడు మనకెందుకన్న మాట స్త్రీవాద సభల్లో కూడా విన్నాను. నేను ఒప్పుకోను. మా మెట్ట ఊళ్ళలో వానలు లేని ఏడు కొడుకు సైన్యంలో చేరతాడు. అది భావజాలం కన్నా ముందు బతుకుతెరువు. యుద్ధాన్ని వ్యతిరేకించే హక్కు అందరికన్నా ఎక్కువ ఉన్నది ఆ ఇంట్లో రాత్రుళ్ళు మేల్కొన్న స్త్రీకే. ఆమెను వదిలేసి మనం యుద్ధవ్యతిరేకత మాట్లాడితే అది ఉపన్యాసంగానే మిగులుతుంది.

అందుకే అడుగుతున్నాను. తిరిగొచ్చిన సైనికుడి మనసుకు వైద్యం అతని ఇంటికి దగ్గర్లో దొరకాలి. ఆ వైద్యంలో భార్య మాటకు చోటుండాలి, ఆమె చేసే సేవకు డబ్బు కట్టాలి. నాలుగేళ్ళకు తిరిగొచ్చినవాళ్ళకు కూడా ఇది వర్తించాలి. యుద్ధంలో, పోరాటంలో స్త్రీల మీద జరిగిన లైంగిక హింసను యుద్ధగాయంగా రాయాలి, ఆ రాసే జాబితాలో అది కొరడా దెబ్బలకు కింద ఉండకూడదు. కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు, మంచిదే. ఆ పేరుకు తగ్గట్టు అక్కడి పరిశోధకులు తాండూరుకు, గుల్బర్గాకు, బీదరుకు వచ్చి, వర్దీలు కాల్చుకున్న ఇళ్ళల్లో మిగిలిన మాటలను రికార్డు చెయ్యాలి. ఎనభై అయిదేళ్ళ నోళ్ళు ఎక్కువకాలం ఆగవు. నోటి మాట సాక్ష్యం కాదని ఇక ఎవరూ అనకూడదు. కాగితం ఎవరి చేతుల్లో ఉందో వాళ్ళు చెప్పిందాన్ని డెబ్భై ఏళ్ళకు పైగా విన్నాం.

వచ్చే సెప్టెంబరు 17న వేదిక మీద ఎవరైనా ‘వీరనారి’ అంటే చప్పట్లు కొట్టే ముందు ఒక్క ప్రశ్న వెయ్యండి: ఆమెకు మనం ఎంత బాకీ ఉన్నాం?