వైరస్‌ను చదివే అధికారం ఎవరిది?

కొత్త వేరియంట్ పేరు వినపడగానే మన చానళ్లు కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ బోర్డు చూపించి, హైదరాబాద్‌కు ఢోకా లేదని తేల్చేస్తాయి. నాంపల్లి ఏరియా ఆస్పత్రిలోనో, అబిడ్స్ పక్కనున్న కింగ్‌కోఠి ఆస్పత్రిలోనో తీసిన స్వాబ్‌లో ఏ రకం వైరస్ ఉందో రాష్ట్ర ప్రభుత్వం తనంతట తాను, వేళకు తెలుసుకోగలదా అని మాత్రం ఎవరూ అడగరు.

సీసీఎంబీ కేంద్ర సంస్థ సీఎస్‌ఐఆర్‌ది. ఎన్నో ఏళ్లు నాంపల్లిలో నడిచి ఉప్పల్‌కు తరలిన మరో పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ కేంద్ర బయోటెక్నాలజీ విభాగానిది. 2020 డిసెంబరులో కేంద్రం ఏర్పాటు చేసిన కరోనా జన్యు నిఘా కూటమి ఇన్సాకాగ్ తొలి పది ల్యాబ్‌లలో రెండూ ఉన్నాయి. అది గర్వించదగ్గదే. కానీ పాజిటివ్ నమూనాల్లో 5 శాతాన్ని సీక్వెన్స్ చేయాలన్న (జన్యుక్రమం చదవాలన్న) లక్ష్యానికి, డెల్టా వేరియంట్ విరుచుకుపడిన నాటికి దేశం చాలా దూరంలో ఉంది.

2021 మేలో ఏం జరిగిందో చూడండి. 'ఏపీ స్ట్రెయిన్' ప్రచారం నడుమ ఢిల్లీ ప్రభుత్వం రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవారికి 14 రోజుల క్వారంటైన్ విధించింది. ఆ పేరుతో భయపెట్టిన ఎన్440కె రకం తగ్గుముఖం పట్టిందని సీసీఎంబీ శాస్త్రవేత్తలు అప్పటికే చెబుతున్నారు. మన ప్రభుత్వాలకు ఆ మాటే ఆధారమైంది. చూపడానికి సొంత లెక్క లేదు.

ఇంతకీ ఈ బాధ్యత ఎవరిదో చట్టంలో చూద్దాం. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా 6వ అంశం ప్రజారోగ్యం. అంటువ్యాధి ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పాకకుండా ఆపడం ఉమ్మడి జాబితా 29వ అంశం. 1897 నాటి అంటువ్యాధుల చట్టం రెండో సెక్షన్ రాష్ట్రానికి అసాధారణ అధికారాలిస్తుంది: జనాన్ని ఆపవచ్చు, తనిఖీ చేయవచ్చు, వేరుగా ఉంచవచ్చు. వైరస్ సమాచారాన్ని ఎవరు సిద్ధం చేయాలో, ఎన్నాళ్లలో ఎవరికివ్వాలో అందులో లేదు. వీధిని మూసే అధికారం ఉన్న ప్రభుత్వానికి, ఎందుకు మూస్తున్నామో తేల్చుకునే సాధనం కూడా ఉండి తీరాలి. 6వ అంశాన్ని నేను చదివే తీరు ఇదే.

ఖర్చు మాటంటారా? పెద్ద సీక్వెన్సర్ నిండితేనే ఒక్కో నమూనా చవకవుతుంది. అందుకే నమూనాలు పోగయ్యేదాకా ఆగుతారు. ఆలస్యానికి అదో కారణం. 2015లో గినీలో ఎబోలా వేళ లగేజీలో మోసుకెళ్లిన చిన్న నానోపోర్ సీక్వెన్సింగ్ పరికరాలతో, నమూనా అందిన 24 గంటల్లోపే ఫలితం తీయగలిగారు. దాదాపు 30 వేల అక్షరాల కరోనా జన్యుక్రమానికీ ఆ పద్ధతి సరిపోతుంది. చిన్న ల్యాబ్‌ను పడగొట్టేది మాత్రం దిగుమతి రీజెంట్ల గడువు తీరిపోవడం, ఆర్‌ఎన్‌ఏ చెడకుండా కాపాడే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు కరెంటు పోవడం, శిక్షణ పొందిన కాంట్రాక్టు ఉద్యోగి వెళ్లిపోవడం.

డేటా విశ్లేషణలో సీసీఎంబీకి సాటి రాలేమన్నది నిజమే. అందుకు వాళ్ల దగ్గర శిక్షణ తీసుకుందాం, సందేహం వచ్చిన ఫలితాన్ని వాళ్లతో సరిచూపిద్దాం. నమూనాలన్నీ వాళ్లకే పంపి చేతులు కట్టుకు కూర్చోవడానికి అది సాకు కారాదు. గాంధీ ఆస్పత్రిలో, విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలో సీక్వెన్సింగ్ దిశగా వేసిన తొలి అడుగులకు శాశ్వత పోస్టులు, ఏటా రీజెంట్ల బడ్జెట్ తోడవ్వాలి. ఫలితం ఢిల్లీకి చేరిన రోజే జిల్లా సర్వైలెన్స్ అధికారికీ అందాలని రాష్ట్రం ఉత్తర్వు ఇవ్వాలి. దానికి కేంద్రం అనుమతి కోసం ఎదురుచూడనక్కర్లేదు.