ఫార్మాట్ ఒక్కటే మందా?

ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తే మొదటి ప్రశ్న, "దాన్నెవరు ముట్టుకున్నారు?" ఆ ఎవరు ఎవరో మనకు తెలియనిదా! తర్వాత బాగుచేసే కుర్రాడొచ్చి, "ఫార్మాట్ కొట్టేద్దామండీ" అంటాడు. తలనొప్పికి తల తీసేసే వైద్యం! అమ్మాయి పెళ్లి ఫొటోలు వేరేచోట దాచుకోకపోతే వాటికీ తిలోదకాలే.

ఏదో సెట్టింగు మారినంత మాత్రాన ఇంత ఘోరం అక్కర్లేదు. విండోస్‌లో సిస్టమ్ రిస్టోర్ అనేది 2000 నుంచీ ఉంది. యంత్రం తాను గుర్తుపెట్టుకున్న వెనకటి రోజు స్థితికి సెట్టింగుల్ని తీసుకుపోతుంది. ఆ తర్వాత ఎక్కించిన ప్రోగ్రాములు పోతాయిగాని, ఫొటోల జోలికి రాదు. లాగిన్ తెర దగ్గరే ఆగిపోయినా, షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ చేస్తే ఈ ఏర్పాటు దొరుకుతుంది.

తయారుచేసిన పెద్దమనుషుల సంగతి చూడండి. తెర కొలత మారిస్తే, "ఉంచమంటారా?" అని అడిగి, 15 సెకన్లలో జవాబివ్వకపోతే మళ్లీ పాత కొలతే పెట్టేస్తుంది. ఎంత మర్యాద! మిగతా సెట్టింగులకు ఆ మర్యాద ఏదీ? పైగా విండోస్ 10 వచ్చాక చాలా యంత్రాల్లో ఆ రిస్టోర్‌ను ఆపేసి మరీ ఇస్తున్నారు!

కనుక యంత్రం బాగున్నప్పుడే సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్ చేయించండి. చేయించడమెందుకు, మీరే చేయండి. కుర్రాడు ఫార్మాట్ అన్నాడో, "రిస్టోర్ చేసి చూశావా బాబూ?" అని అడగండి.