భూకంప పీడిత గ్రామాల్లో బడుల పునర్నిర్మాణం – స్వచ్ఛంద సేవ సాధించినది, మిగిల్చినది

గుజరాత్ రాష్ట్రంలోని కచ్ జిల్లాను 2001 జనవరి 26 ఉదయం 8 గంటల 46 నిమిషాలకు తీవ్ర భూకంపం కుదిపివేసింది. గణతంత్ర దినోత్సవం కావడంతో ఆనాడు తరగతులు లేవు. గదులు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. అయితే పతాకావందనానికి బయలుదేరిన బాలలకు ఆ సెలవు రక్షణ కాలేకపోయింది. అంజార్ పట్టణంలో ఇరుకు వీధి గుండా ఊరేగింపుగా సాగుతున్న 185 మంది విద్యార్థులు, 20 మంది ఉపాధ్యాయులు ఇరువైపుల కట్టడాలు కూలి అక్కడికక్కడే సమాధి అయ్యారు. వీరి స్మృత్యర్థం నిర్మించిన వీర బాలక స్మారకాన్ని 2022 ఆగస్టు 28న ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ ప్రారంభించారు.

ఆ విపత్తులో మొత్తం 13,800 మందికి పైగా మరణించారు. వీరిలో 971 మంది విద్యార్థులు, 31 మంది ఉపాధ్యాయులు ఉన్నట్లు నమోదయింది. 1,884 పాఠశాల భవనాలు పూర్తిగా నేలమట్టం కాగా, వాటితో పాటు 5,950 తరగతి గదులు నశించాయి. బీటలు వారి ప్రవేశానికి పనికిరాని గదులు ఇంతకు అనేక రెట్లు. మరొక దినాన, బడి వేళలో ఇదే ప్రకంపన సంభవించి ఉంటే ఆ గదుల్లో ఎందరు ఉండేవారో ఊహించడం కష్టం కాదు. కనుక కచ్‌లో పాఠశాలల పునర్నిర్మాణాన్ని, పోయిన కప్పుకు బదులు మరొక కప్పు వేసే కార్యక్రమంగా మాత్రమే చూడరాదు.

తొలి వారాల్లో చదువు గుడారాల్లోకి మారింది. యూనిసెఫ్ గుడారాలను, బోధన సామగ్రిని సమకూర్చింది. తరువాత రేకుల గదులు వచ్చాయి. కచ్ వేసవిలో రేకు కింద పసిపిల్లలను కూర్చోబెట్టడం ఎంత దుస్సహమో వేరుగా చెప్పనవసరం లేదు. పైగా గుజరాత్‌లో కొత్త విద్యా సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. ఆలోగా పిల్లలు బడికి రాకపోతే, ఇల్లు కోల్పోయి కూలికి పోతున్న కుటుంబాలలోని బాలలు, ముఖ్యంగా బాలికలు, మరి తిరిగి రారన్న భయం నిజమైనది. స్వచ్ఛంద సంస్థలను తొందరపెట్టినది ఇదే.

వేగంలో పేర్కొనదగినది భారతీయ జైన సంఘటన కృషి. శ్రీ శాంతిలాల్ ముథా స్థాపించిన ఈ సంస్థకు మహారాష్ట్రలోని లాతూరు భూకంపంలో అనుభవం ఉంది. 1993 సెప్టెంబరు 30న సంభవించిన ఆ విపత్తు తరువాత సుమారు 1,200 మంది బాలలను పుణెకు తరలించి వారి చదువు బాధ్యతను సంస్థ స్వీకరించింది. గుజరాత్‌లో మరొక మార్గాన్ని ఎంచుకుని, పిల్లలను బడి వద్దకు తీసుకుపోవడానికి బదులు బడినే పిల్లల వద్దకు తెచ్చింది. కొద్ది నెలల వ్యవధిలో 368 పాఠశాలలకు గదులు నిర్మించి ఇచ్చింది. రామకృష్ణ మిషన్, స్వామి నారాయణ సంస్థ తదితర ధార్మిక సంస్థలు కూడా పాఠశాలలను నిర్మించాయి. 1998 తుపాను తరువాత స్థానిక సంస్థలు కూటమిగా ఏర్పరచుకున్న కచ్ నవ నిర్మాణ అభియాన్, గ్రామ సముదాయాలకు ‘సేతు’ కేంద్రాలను నెలకొల్పి, ఏ ఊరికి ఏమి కావాలో దాతలకు, దాతలు ఏమి ఇస్తామంటున్నారో ఊళ్ళకు తెలియజేసే పనిని భుజాన వేసుకుంది. ఇటుకలు మోసిన చేతులను అందరూ గుర్తుంచుకుంటారు. సమాచారం మోసిన ఈ శ్రమకు తగిన గుర్తింపు రాలేదు.

కాని వేగానికి ఒక హద్దు ఉంది. భూకంపానికి కొద్ది కాలం ముందే కచ్ ప్రాంతంలో ముందుగా పోతపోసిన కాంక్రీటు పలకలతో కొన్ని పాఠశాల గదులను నిర్మించారు. అవి కొత్తవి, చూడడానికి దృఢమైనవి. అయినా కప్పు పలకలను గోడలతో, పలకను పలకతో సరిగా బంధించని చోట అవి జారి కింద పడ్డాయి. నూరేళ్ళ రాతి గోడ కూలడానికి, నిన్నటి కాంక్రీటు కప్పు పడిపోవడానికి కారణం ఒకటే. భాగాలు ఒకదానినొకటి పట్టుకొని లేవు.

గోడలో కనిపించని పని

కచ్ పల్లెల్లో కట్టడాలు అధికంగా గుండ్రాళ్ళతో, మట్టి అడుసుతో లేచినవి. అటువంటి గోడ నిజానికి రెండు పొరలు. లోపలి వరుస, బయటి వరుస, నడుమ చిన్న రాళ్ళు. భూమి ఊగినప్పుడు పొరలు విడిపోయి గోడ ఉబ్బి పగులుతుంది. బరువైన కప్పు నేరుగా మనుషుల మీదకు దిగుతుంది. దీనికి విరుగుడు తెలియనిది కాదు. గోడ మందమంతటినీ పట్టే పొడవైన రాళ్ళను అక్కడక్కడా అడ్డంగా వేయడం, పునాదిపైన, ద్వారబంధాల పైన, కప్పు కింద గది చుట్టూ తెగకుండా తిరిగే కాంక్రీటు పట్టీ పోయడం, మూలల్లో నిలువు ఇనుప కడ్డీ నిలపడం, తలుపులను కిటికీలను మూలలకు దూరంగా ఉంచడం ఇందులోని ముఖ్యాంశాలు. ఈ నియమాలతో కూడిన భారతీయ ప్రమాణాలు 1993లోనే వెలువడ్డాయి. ఎనిమిదేళ్ళ తరువాత కచ్‌లో కూలిన గోడల్లో అవి కనిపించకపోవడమే విచారకరం.

ఈ పనికయ్యే అదనపు వ్యయం మొత్తం కట్టడం ఖర్చులో స్వల్పమే. అసలు చిక్కు మరొకటి. పట్టీ, కడ్డీ గోడలో దాగిపోతాయి. దాతకు కనిపించేది రంగు, వరండా, శిలాఫలకం. ప్రారంభోత్సవం నాడు మూల కడ్డీ ఉన్నదా అని అడిగే అతిథి అరుదు. ఈ కారణంగానే 2001 ఫిబ్రవరిలో ఏర్పాటైన గుజరాత్ రాష్ట్ర విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ పాత్ర కీలకమయింది. స్వచ్ఛంద సంస్థ కట్టినా, ప్రభుత్వమే కట్టినా భూకంప నిరోధక ప్రమాణాన్ని తప్పనిసరి చేయడం, నాణ్యతను బయటి నిపుణులతో తనిఖీ చేయించడం, వేలాది తాపీ మేస్త్రీలకు శిక్షణ ఇప్పించడం పునర్నిర్మాణ విధానంలో భాగమయ్యాయి. సేవాభావానికి తనిఖీ అవమానం అని కొందరు భావించవచ్చు. కాని ఇతరుల పిల్లల తలపై వేసే కప్పు విషయంలో సదుద్దేశాన్ని పరీక్షకు ప్రత్యామ్నాయంగా అంగీకరించడం సాధ్యం కాదు.

శిక్షణ పొందిన మేస్త్రీ ఊళ్ళోనే ఉండిపోతాడు. బడి గోడ కడుతూ నేర్చిన పనిని తరువాత పొరుగు ఇంటికి, పశువుల కొట్టానికి కూడా వాడతాడు. దూరం నుంచి గుత్తేదారును, కూలీలను తెచ్చి మూడు నెలల్లో భవనం అప్పగించి వెళ్ళిన చోట ఈ లాభం దక్కదు. శ్రమదానం చేసిన తల్లిదండ్రులు సిమెంటు పాలును కళ్ళారా చూస్తారు. కరవు నేల అయిన కచ్‌లో కాంక్రీటు తడపడానికి నీరు దొరకడమే కష్టం. ఆ తడుపు రోజూ జరుగుతున్నదీ లేనిదీ మొదట తెలిసేది కూడా వారికే.

దాత వెళ్ళిన తరువాత

దాత గది ఇవ్వగలడు గాని, ఏటేటా ఉపాధ్యాయుని ఇవ్వలేడు. కచ్‌లో ఉపాధ్యాయులు తామే బాధితులు. ఇళ్ళు, ఆప్తులు పోగొట్టుకొని విధులకు హాజరైనవారు. వారి నియామకం, జీతం, కప్పు కారితే మరమ్మతు, మరుగుదొడ్డికి నీరు అన్నీ ప్రభుత్వ యంత్రాంగంపైన, గ్రామంపైన నిలుస్తాయి. అప్పగింత నాడు తాళం చెవితో పాటు భవన నక్షా, గోడలో ఏ కడ్డీ ఎక్కడ ఉన్నదన్న వివరం కూడా ప్రధానోపాధ్యాయునికి అందాలి. లేనిపక్షంలో పదేళ్ళ తరువాత కొత్త కిటికీ కోసం ఎవరో ఒకరు ఆ పట్టీనే కొట్టివేస్తారు.

స్థలం ఎంపిక కూడా తేలికైనది కాదు. కచ్‌లో అనేక గ్రామాలు కొత్త చోటికి తరలడానికి ఇష్టపడలేదు. పొలం, బావి, గుడి వదలి రామన్నాయి. బడి కొత్త స్థలంలో, ఇళ్ళు పాత స్థలంలో ఉంటే రోజూ నడవవలసినది ఆరేళ్ళ పిల్ల.

తెలుగువారికి ఈ సమస్య పరాయిది కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన అనంతరం దివిసీమలో స్వచ్ఛంద సంస్థలు ఇళ్ళను, తుపాను ఆశ్రయ భవనాలను నిర్మించాయి. తీరంలో ఇటువంటి ఆశ్రయ భవనాలలో బడులు నడిచాయి. నిత్యం పిల్లలు మెలగే భవనానికి తాళం తుప్పు పట్టదు, మెట్లు విరిగితే ఎవరో ఒకరు అడుగుతారు. ఏడాదికొకసారి తుపాను హెచ్చరిక నాడు మాత్రమే తెరిచే భవనానికి ఆ భాగ్యం ఉండదు.

నేపాల్‌ను కూడా ఒక సెలవు దినమే కాపాడింది. 2015 ఏప్రిల్ 25న అక్కడ భూకంపం వచ్చినది శనివారం మధ్యాహ్నానికి కొద్దిగా ముందు. నేపాల్‌లో అది వారాంతపు సెలవు. 25,000కు పైగా తరగతి గదులు పూర్తిగా ధ్వంసమైనా, అవి ఖాళీగా ఉన్నాయి. పునర్నిర్మాణంలో భారత ప్రభుత్వం 71 విద్యాసంస్థలకు సాయం చేపట్టి, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సాంకేతిక సహకారాన్ని అందించింది. రెండు దేశాల్లోనూ పిల్లలను రక్షించినది క్యాలెండరు మాత్రమేనన్నది గమనార్హం.

తెలుగు రాష్ట్రాల్లో కచ్ స్థాయి ప్రకంపనలు నమోదు కాలేదు. అయినా 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో, 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. రెండవది ఉదయం ఏడున్నరకు కొద్దిగా ముందు, బడి గంట కొట్టక పూర్వం వచ్చింది. రాతి గోడల పాత కట్టడాలు ఈ ప్రాంతాల పల్లెల్లోనూ ఉన్నాయి.

పూర్వ విద్యార్థులు, విదేశాల్లో స్థిరపడిన తెలుగువారు స్వగ్రామ పాఠశాలలకు బల్లలు, కంప్యూటర్లు, రంగులు విరాళంగా ఇవ్వడం పరిపాటి. గోడకు పట్టీ కట్టించడానికి, బరువైన బీరువాను గోడకు బిగించడానికి, తలుపు బయటికి తెరుచుకునేలా మార్చడానికి విరాళం అడిగినవారు, ఇచ్చినవారు తక్కువ. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2016లో వెలువరించిన పాఠశాల భద్రతా మార్గదర్శకాలు ఇటువంటి చిన్న పనులను సైతం పరిగణించాయి. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం పాఠశాల అభివృద్ధి ప్రణాళికను రూపొందించవలసినది మూడు వంతులు తల్లిదండ్రులతో, సగం మంది మహిళలతో కూడిన యాజమాన్య కమిటీ. గోడల పరిశీలనకు ఇంజనీరును కోరే తీర్మానాన్ని ఆ ప్రణాళికలో చేర్చడానికి కమిటీకి ఎటువంటి అడ్డంకీ లేదు. దాతకు అందజేసే కోరికల జాబితాలో ఆ పనిని మొదటి వరుసలో రాయడం కూడా కమిటీ చేతిలోనే ఉంది.