‘ముట్టింది’ అని రాసిచ్చే ముందు

పోయిన నెల ఒక రాత్రి బర్కా నుంచి ఫోన్ వచ్చింది. జగిత్యాల దగ్గర పల్లెటూరి కుర్రాడు. ఆరేళ్లుగా ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో షట్టరింగ్ కార్పెంటర్. పనులు తగ్గాయని కంపెనీ ఇరవై మందిని ఇంటికి పంపేస్తోందట. “అన్నా, రేపు ఆఫీసుకు రమ్మన్నరు. కాగితం మీద సంతకం పెడితే టికెట్ చేతిల పెడ్తరట. పైసలు నెలాఖరుకు బ్యాంకుల ఏస్తరట. పెట్టాల్నా, వద్దా?”

పెట్టొద్దన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఖతార్‌లో ఉన్న వాళ్ల బావను అప్పటికే అడిగాడట. “పెట్టి వచ్చెయ్. పైసల కోసం ఆడ కూసుంటే ఉన్నది గూడ పోతది” అన్నాడట ఆయన.

ఆ బావ మాట గురించే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఆయన పరాయివాడు కాదు, పిల్లవాడి మేలు కోరే అన్నాడు. గల్ఫ్‌లో మన ఇళ్లలో ఈ సలహా ఇవ్వని పెద్దవాళ్లు తక్కువ. ‘ఖల్లివల్లి, వదిలేయ్, పరువుగా ఇంటికి వచ్చేయ్’ అంటాం. మనం అలా అంటామని కంపెనీలకూ తెలుసు.

ఆ కాగితం గురించి నాకు కొంచెం ఎక్కువే తెలుసు. మాది తణుకు. 2008 ఆగస్టు నుంచి 2019 ఆగస్టు దాకా మస్కట్‌లో, ఘాలాలో ఒక కంపెనీలో అకౌంటెంటుగా చేశాను. పేరు ఇక్కడ అనవసరం. వెళ్లిపోయే వాళ్ల సెటిల్‌మెంట్ కాగితాలు తయారు చేయడం నా పనుల్లో ఒకటి. ఒకటే పేజీ. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు అరబీ. ‘జీతం, సెలవు జీతం, గ్రాట్యుటీ అన్నీ ముట్టాయి, కంపెనీ మీద నాకు ఇక ఎలాంటి క్లెయిమూ లేదు’ అని దాని సారాంశం. మన ఊళ్లలో ప్రోనోటు వెనక ‘సొమ్ము ముట్టినది’ అని రాయించుకుంటారు చూడండి, అదే. తేడా ఏమిటంటే ఊళ్లో సొమ్ము లెక్కపెట్టుకున్నాక రాస్తాం. మా ఆఫీసులో మేనేజర్ ఆర్డరు వేరు: ముందు సంతకం, తర్వాత చెక్కు.

ఉన్నమాట చెప్పాలి. చాలామందికి డబ్బు అందింది. కొందరికి సగమే అందింది. కొందరు ‘వెనకాల పంపిస్తాం’ అన్న మాట పట్టుకుని విమానం ఎక్కారు. వాళ్లకు పంపిన గుర్తు నా లెడ్జర్లో లేదు. నిర్మల్, సిరిసిల్ల, శ్రీకాకుళం నుంచి వచ్చిన స్టీల్ ఫిక్సర్లు, మేస్త్రీలు నా టేబుల్ ముందు నిలబడేవాళ్లు. నేను తెలుగువాణ్ని కావడం వాళ్లకు ధైర్యం. “సార్, ఏం రాసుంది ఇందులో?” అని అడిగేవారు. “అందరికీ ఇచ్చేదే, రొటీను” అనేవాణ్ని. నేను అబద్ధం చెప్పలేదని చాలా ఏళ్లు అనుకున్నాను.

2019లో నా వంతు వచ్చింది. సోహార్‌లో ఇంకో కంపెనీ పిలిచింది, జీతం మెరుగు. అప్పట్లో ఒమాన్‌లో కంపెనీ మారాలంటే పాత యజమాని నుంచి ఎన్‌ఓసీ కావాలి. లేదంటే దేశం విడిచి వెళ్లి రెండేళ్లు ఆగాలి. 2021 జనవరి 1 నుంచి ఆ షరతు పోయింది గానీ, అంతకుముందు ఎన్‌ఓసీ అంటే అమ్ముడుపోయే సరుకు. మా అమ్మాయి ఇండియన్ స్కూల్లో ఎనిమిదో తరగతి. రెండేళ్లు ఇంటికి పోయే పరిస్థితి లేదు. మేనేజర్ మొహమాటం లేకుండా చెప్పాడు: గ్రాట్యుటీ వదులుకో, గురువారం ఎన్‌ఓసీ తీసుకో. రెండు నెలల పాత జీతం మాత్రం మెల్లగా ఇస్తాం.

లెక్క వేయడం నా వృత్తి కాబట్టి వేసుకున్నాను. అప్పటి చట్టం 2003లో వచ్చిన 35వ రాయల్ డిక్రీ. దాని ప్రకారం మొదటి మూడేళ్లకు ఏడాదికి 15 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల. పదకొండేళ్లకు తొమ్మిదిన్నర నెలలు. నా మొత్తం జీతం 410 రియాళ్లు, బేసిక్ 220. అంటే 2,090 రియాళ్లు. రెండు నెలల జీతం 820. కలిపి 2,910. అప్పటి మారకంలో ఐదు లక్షల రూపాయలు దాటుతుంది. (అలవెన్సులు పెంచి బేసిక్ తక్కువ చూపించేది ఎందుకో అర్థమైందా? ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు మనం మొత్తం అంకె చూసి మురిసిపోతాం.)

సంతకం పెట్టాను. ఎన్‌ఓసీ ఇచ్చారు. 820 రియాళ్లు రాలేదు.

అయిదు నెలలు ఫోన్లు చేసి, 2020 జనవరిలో మినిస్ట్రీకి వెళ్లాను. ఇప్పుడు కార్మిక మంత్రిత్వ శాఖ అంటున్నారు, అప్పుడు మ్యాన్‌పవర్ మినిస్ట్రీ. ఫిర్యాదు తీసుకుని ఇరువైపులవాళ్లనూ పిలిచారు. అధికారి మర్యాదస్తుడు, నన్ను కూర్చోబెట్టి మాట్లాడాడు. కంపెనీ తరఫున వచ్చిన మందూబ్ ఫైలు తెరిచి ఒక్క కాగితం బల్ల మీద పెట్టాడు. ఇది నీ సంతకమేనా అని అధికారి అడిగాడు. అవునన్నాను. ఆ నమూనా నేనే కంప్యూటర్లో పెట్టిందని మాత్రం చెప్పలేదు.

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. ఆ చట్టం కార్మికుడి పక్షానే ఉంది. చట్టం ఇచ్చిన హక్కును వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చినా అది చెల్లదని అందులో ఉంది. కానీ ‘వదులుకుంటున్నాను’ అనడం వేరు, ‘ముట్టింది’ అనడం వేరు. మొదటిది హక్కు సంగతి, చట్టం కాపాడుతుంది. రెండోది జరిగిన విషయం. మన చేత్తో మనమే ఇచ్చిన సాక్ష్యం. అది తప్పని నిరూపించే భారం మన నెత్తిన పడుతుంది. కంపెనీలు ఎప్పుడూ రెండోదే రాయిస్తాయి. బ్యాంక్ స్టేట్‌మెంటు చూపించి నేను కోర్టు దాకా వెళ్లొచ్చు. కార్మికుడికి కోర్టు ఫీజు కూడా లేదు. కొత్త ఉద్యోగంలో పేరు పాడవుతుందని భయపడి వెళ్లలేదు. ఈ మాట రాయడానికి ఇప్పుడూ సిగ్గుగానే ఉంది.

తర్వాత రెండు నెలలకు కరోనా వచ్చింది. ఆ ఏడాది నవంబరు 15 నుంచి, వీసా గడువు తీరినవాళ్లు జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చని ఒమాన్ ప్రభుత్వం అవకాశం ఇచ్చింది. మంచి పనే. ఆ రోజుల్లో నేనూ ఇంకొందరూ కూర్చుని మనవాళ్లకు దరఖాస్తులు నింపి పెట్టాం. జరిమానా పోయిందన్న సంతోషంలో, రావాల్సిన జీతం మాట ఎత్తినవాళ్లు చాలా తక్కువ. నేనూ ఎత్తలేదు. ముందు ఇల్లు చేరితే చాలనుకున్నాం. ఏజెంటుకు కట్టిన డబ్బుకు ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ నడుస్తూనే ఉంది.

కంపెనీల పక్షం కూడా చెప్పాలి. మా అర్బాబ్ చెడ్డవాడు కాదు. 2014 తర్వాత చమురు ధర పడిపోయింది. ఇచ్చిన పనులకు బిల్లులు నెలల తరబడి ఆగిపోయేవి. చేతిలో డబ్బు లేకపోవడం నిజం. కానీ ఉన్న కొంచెం డబ్బు ఏ వరసలో పంచారో నాకు తెలుసు, చెక్కులు రాసింది నేనే. బ్యాంకు వాయిదా, డీజిలు, క్యాంపు అద్దె, ఆఫీసు జీతాలు. వెళ్లిపోయినవాళ్లది చిట్టచివర. ఊరికి పోయినవాడు మళ్లీ వచ్చి అడగడు కదా.

ఇప్పుడు చట్టం మారింది. 2023 జులైలో వచ్చిన 53వ రాయల్ డిక్రీ ప్రకారం సర్వీసులో ప్రతి ఏడాదికీ ఒక నెల బేసిక్‌కు తగ్గకుండా గ్రాట్యుటీ ఇవ్వాలి. జీతాలు బ్యాంకు ద్వారా వేసే పద్ధతి కూడా గట్టిపడింది. నెల జీతం పడలేదంటే స్టేట్‌మెంటులో తెలిసిపోతుంది. ఎన్‌ఓసీ బెదిరింపూ లేదు. ఇంత మారినా చివరి రోజు బల్ల మీదకు వచ్చే ఆ ఒక్క పేజీ మారలేదు.

అందుకే నా అభిప్రాయం కచ్చితంగా చెబుతున్నాను: డబ్బు ఖాతాలో పడకుండా, వీసా రద్దుకు ముందు, ‘ముట్టింది’ అన్న కాగితం మీద ఎవరూ సంతకం పెట్టకూడదు. తప్పనిసరి అయితే సంతకం పక్కన తన చేత్తో, తనకు వచ్చిన భాషలో, ‘డబ్బు ఇంకా ముట్టలేదు’ అని తేదీ వేసి రాయాలి, ఫొటో తీసుకోవాలి. అది అన్నిటికీ మందు కాదు, కానీ నా దగ్గర అంత మాత్రం కూడా లేకపోయింది. ఒమాన్‌లో ఉండగానే మినిస్ట్రీలో ఫిర్యాదు చేయాలి. ఇంటికి వెళ్లక తప్పదనుకుంటే నమ్మకమైన మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి వెళ్లాలి. విమానం ఎక్కాక ఇదంతా ఎన్నో రెట్లు కష్టం. అల్ ఖువైర్‌లో మన ఎంబసీ ఓపెన్ హౌస్ పెడుతుంది, అక్కడికి వెళ్లి చెప్పుకోవచ్చు. ‘మదద్’ పోర్టల్లో రాయొచ్చు. లాయరు ఖర్చుకు దిక్కులేని వాళ్లను ఆదుకోవడానికి 2009 నుంచి భారత ప్రభుత్వ సంక్షేమ నిధి ఉంది. ఇళ్లలో పనిచేసే గోదావరి జిల్లాల ఆడవాళ్లకు ఈ దారి ఇంత సులువు కాదు. 2003 చట్టం వాళ్లను తన పరిధిలోకే తీసుకోలేదు. వాళ్ల సంగతి ఇంకోసారి విడిగా రాయాలి.

ఈ పేజీ చదివేవాళ్లలో చాలామంది ఆ బల్లకు ఇవతల కూర్చునేవాళ్లే. అకౌంట్స్‌లో, హెచ్‌ఆర్‌లో, సైట్ ఆఫీసులో. యజమానిని ఎదిరించమని నేను అనడం లేదు, నేనూ ఎదిరించలేదు. ‘సార్, ఏం రాసుంది ఇందులో’ అని ఒక మేస్త్రీ అడిగితే, ఉన్నది ఉన్నట్టు తెలుగులో చదివి వినిపించడానికి యజమాని అనుమతి అక్కర్లేదు.

బర్కా కుర్రాడు మర్నాడు సంతకం పెట్టలేదు. ఇరవై మందిలో ఇంకో ఐదుగురు అతనితో నిలబడ్డారు, మిగతావాళ్లు పెట్టి వెళ్లిపోయారు. ఆ కాగితం ఫొటో నాకు పంపాడు. కంపెనీ వేరు, మాటలు అవే. మినిస్ట్రీ వాళ్లు ఇరువైపులవాళ్లనూ పిలిచారు, మొదటిసారి కంపెనీ నుంచి ఎవరూ రాలేదు. మొన్న ఖతార్ నుంచి వాళ్ల బావ నాకు ఫోన్ చేశాడు. కోపంగానే ఉన్నాడు. “మీరు చెప్పవట్టే వాడు ఆడ ఆగిండు. తిండికి ఎవలు పెడ్తరు?” అన్నాడు. ప్రస్తుతానికి మా మిత్రులం నలుగురం చూసుకుంటున్నామని చెప్పాను. వచ్చే వారం మళ్లీ వాయిదా.