వెంట్రుకలు మొలిచాయి, గాయం మానిందా?

వెంకటాయపాలెం, అప్పటి తూర్పు గోదావరి జిల్లా రామచంద్రపురం మండలం. 1996 డిసెంబర్ 29న అక్కడ దళిత యువకుల్ని కొట్టి, ఇద్దరికి గుండు గీశారు. కనుబొమ్మలూ గీసేశారు. తీర్పెప్పుడొచ్చింది? 2024 ఏప్రిల్ 16న. విశాఖ ప్రత్యేక కోర్టు ఒక ఎమ్మెల్సీతో సహా నిందితులకు 18 నెలల శిక్ష వేసింది. ఇరవయ్యేడేళ్లు! ఈలోగా 2020 జులైలో సీతానగరం పోలీస్ స్టేషన్లోనే మరో దళిత యువకుడికి గుండు గీశారన్న కేసులో ఎస్సై అరెస్టయ్యాడు.

గీసిన జుట్టు నాలుగు నెలల్లో మొలుస్తుంది. లోపలి సంగతేమిటి?

ఆ బాధితుల మనసుల్లో ఏముందో ఇక్కడ కూర్చుని మనం చెప్పకూడదు. కానీ దాడి జరిగిన ఏ పేటకెళ్లినా ఒకరిద్దరు కనబడతారు. ట్రాక్టరు చప్పుడైతే ఉలిక్కిపడే తల్లి. దెబ్బలు తిన్న గట్టు మీదుగా పోలేక చుట్టూ తిరిగి చేలోకెళ్లే కూలి. నిద్రలో కేకలేసే కుర్రాడు. పగలు ఎవరితోనూ మాట కలపడు, ఊరికే కోపం. గాలి సోకిందంటాం. పిరికోడంటాం. సాయంత్రం తాగొస్తే, ఇంకేముంది, తాగుబోతైపోయాడంటాం.

డాక్టర్లు దీన్ని పీటీఎస్‌డీ అంటారు. అయిపోయిన దాడి ఇంకా జరుగుతున్నట్టే మనసూ ఒళ్లూ అనుకునే జబ్బు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల అవస్థ చూశాక, 1980లో అమెరికా మానసిక వైద్యులు దీన్ని తమ జబ్బుల పుస్తకంలోకి ఎక్కించారు. తుపాకీ పట్టినవాడికొస్తే జబ్బు, మాలపేటలో మాదిగపేటలో వస్తే పిరికితనమా?

1996 నవంబర్ 6 తుపాను చూసిన కోనసీమవాళ్లలో గాలి హోరు వింటే ఈనాటికీ గుండె దడదడలాడేవాళ్లున్నారు. అయితే తుపాను వచ్చి పోయింది. మనల్ని కొట్టినవాడు పోడు. అదే టీకొట్టు దగ్గర కూర్చునుంటాడు, వాడి చేలోకే కూలికెళ్లాలి. రక్షణ లేకుండా ఒట్టి మందుబిళ్లతో ఈ జబ్బు నయమవుతుందని ఎవరూ అనుకోవద్దు.

ఇక మన తప్పు. దెబ్బలు తిన్నవాణ్ణి లారీ ఎక్కించి సభ సభకీ తిప్పుతాం. "చెప్పు తమ్ముడూ, ఏం చేశారో చెప్పు" అంటాం. వాడు వణుకుతూ చెప్తాడు, మనం నినాదాలిస్తాం, రాత్రికి వాడొక్కడే మిగులుతాడు. దాడి జరిగిన తొలి రోజుల్లో బలవంతంగా అంతా కక్కించడం మేలు చేయదనీ, కొందరికి కీడే చేస్తుందనీ పరిశోధనల్లో తేలింది. చెప్పడమే తప్పని కాదు. ఇష్టపడి, తన లెక్కన, శిక్షణ ఉన్న మనిషి దగ్గర కొన్ని వారాలపాటు కొంచెం కొంచెంగా చెప్పుకోవడమే దీనికి ముఖ్యమైన వైద్యం. అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి మందులిస్తారు, పనిచేయడానికి వారాలు పడుతుంది. ఊళ్లో దొరికే నిద్రమాత్రలు దీనికి మందు కాదు, అలవాటైపోతాయి. చర్చికెళ్తే ఊరటగా ఉందంటే వెళ్లనివ్వండి, వైద్యం మాత్రం మాన్పించకండి.

నెల దాటినా తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగముంది. ఫోన్లో మాట్లాడాలంటే టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

చట్టం కూడా చూడండి. 2016 జనవరి 26న అమల్లోకొచ్చిన అట్రాసిటీ చట్టం సవరణలో బలవంతపు గుండు నేరమని విడిగా రాశారు. మానసికంగా హాని పొందినవాడు కూడా బాధితుడేనని అందులోనే ఉంది. అయినా మన నిజనిర్ధారణ కాగితాల్లో విరిగిన చెయ్యి ఉంటుంది, కాలిన గుడిసె ఉంటుంది, నిద్రపట్టని మనిషుండడు. ఫిర్యాదులో అదీ రాయించండి. డాక్టరు చీటీ జతచేయండి. వాయిదాకి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకరు తోడుండండి, ఆ రాత్రి కూడా. కాకినాడకి బస్సు ఛార్జీ ఆ ఇంటి మీద పడకుండా సంఘం చందాలోంచి తీయండి.